మాట ఆగని జంట

పెద్దకోడలికి చిన్నకోడలంటే కుళ్లు. చుట్టుతిప్పి చెప్పాల్సిన పనేమీ లేదు, కుళ్లంటే కుళ్లే. పైకి నవ్వుతూనే మాట్లాడేది. ఆ పిల్లకు జ్వరమొస్తే మందులు తెచ్చి ఇచ్చేది. దండెం మీద ఆరిన బట్టలు వాళ్లవీ వీళ్లవీ కలిపి తీసి మడతపెట్టేది. అయినా మేడ మీంచి ఆ పిల్ల మెట్లు దిగుతున్న చప్పుడు చెవిన పడితే చాలు, ఒళ్లంతా కారం రాసుకున్నట్టుండేది.

పోనీ చిన్నకోడలు చేసిన తప్పేమిటయ్యా అంటే, ఏమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. తప్పు చేసి ఉంటే రెండు మాటలు అనేసి, నాలుగు రోజులు మూతి ముడుచుకుని, మనసు తేలిక చేసుకోవచ్చు. ఏ తప్పూ చెయ్యని మనిషి మీద కోపం ఎక్కడని కక్కాలి? దాన్ని లోపలే దాచుకుని ఉడుక్కోవాలి. పెద్దకోడలు అలాగే ఉడుక్కుంటోంది.

ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆమె చాకిరీ చేస్తూనే ఉంది. అత్తగారి నోట 'బాగుంది' అన్న ముక్క ఏనాడూ రాలలేదు. చిన్నకోడలు వచ్చిన వారానికే ఆవిడ వీధంతా తిరిగి, "మా చిన్నది మాట్లాడుతుంటే అలా వింటూ కూర్చోవాలనిపిస్తుంది" అని చెప్పుకొచ్చింది. అనిపించదూ మరి? ఆ పిల్ల ఉద్యోగమే మాట్లాడటం. ఓ కంపెనీలో చెవికి మైకు తగిలించుకుని కూర్చుంటుంది. ఫ్రిజ్ చెడిపోయినవాళ్లూ, వాషింగ్ మెషీన్ మొరాయించినవాళ్లూ ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిడుతుంటే, అందరికీ తియ్యగా జవాబు చెప్పి చల్లబరిచి పంపిస్తుంది. జీతం తీసుకుని తియ్యగా మాట్లాడటం కూడా ఒక గొప్పేనా అని పెద్దకోడలు లోలోపల చాలాసార్లు అడిగింది. పైకి ఒక్కసారీ అడగలేదు.

ఆమెది లాండ్రీలో పని. హోటళ్ల దుప్పట్లూ ఆసుపత్రుల గౌన్లూ గుట్టలుగా వచ్చిపడే పెద్ద లాండ్రీ. ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడి, ఒక కొసన తను, మరో కొసన ఇంకొకావిడ దుప్పటి లాగి పట్టి రోలర్ల కిందికి తోయాలి. యంత్రాల రొదలో పక్కమనిషి మాట కూడా వినపడదు. అక్కడ ఇన్నేళ్లు పనిచేస్తే ఎవరికైనా మాట్లాడే అలవాటు పోతుంది. ఇంట్లో ఆమె ముక్తసరిగా రెండు ముక్కలంటే "దీనికి ఎప్పుడూ ముక్కు మీదే కోపం" అనేది అత్తగారు.

అలాంటి మనిషికి తనదంటూ దొరికింది ఒక్కటే, పరుగు. రక్తపోటు ఉందని డాక్టరు నడవమంటే నడవడం మొదలుపెట్టింది. నడుస్తూ నడుస్తూ, మైదానంలో పొద్దున్నే గుంపుగా పరుగెత్తేవాళ్ల వెనకాల పడింది. ఆ గుంపును నడిపించే ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఎవరు ఉత్సాహంగా ముందుకు దూకినా "బ్రేకు, బ్రేకు" అని అరుస్తాడు కాబట్టి అందరూ ఆయన్ను బ్రేకు మాస్టారు అంటారు. ఆయన దగ్గర పెద్దకోడలు మొదట వీధి చివరి దాకా, తర్వాత వంతెన దాకా, ఆ తర్వాత వంతెన అవతలికి పరుగెత్తింది. ఇంట్లో నవ్వులే నవ్వులు. "ఎవరైనా తరుముతున్నారేమిటే?" అన్నాడు మొగుడు. "ఈ వయసులో ఈ గంతులేమిటి, నలుగురూ నవ్వరూ?" అంది అత్తగారు. నవ్వితే నవ్వనీ అనుకుంది పెద్దకోడలు. ఆ పొద్దుటిపూట గంటా గంటన్నరా ఆమె ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు. ఆ సుఖం ఎలాంటిదో నవ్వేవాళ్లకు చెప్పినా అర్థం కాదు.

ఈ ఏడు వేసవి మొదట్లో చిన్నకోడలు మెట్ల మీద కూర్చుని, "అక్కా, నేనూ రానా నీతో?" అంది.

వద్దనడానికి కారణం ఏం చెప్పాలి? "రా, నీ ఇష్టం" అంది పెద్దకోడలు.

మర్నాడు తెల్లారకముందే అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ల సీసాతో. "దాహమేస్తే తాగు తల్లీ, అలిసిపోతావు" అని చిన్నకోడలి చేతిలో పెట్టింది. అదే గుమ్మంలో వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటున్న పెద్దకోడలు ముడిని తాడు తెగేలా బిగించింది. రెండేళ్లుగా ఇదే గుమ్మంలోంచి తనూ వెళ్తోంది. సీసా మాట దేవుడెరుగు, జాగ్రత్త అన్న మాటైనా ఎవరూ అనలేదు.

పోనీ నాలుగు రోజులు వచ్చి మానేస్తుందిలే అనుకుంది. మానలేదు సరికదా, నెల తిరిగేసరికి ముందు వరసలో పరుగెత్తేవాళ్లతో కలిసిపోయింది. పెద్దకోడలికి ఏడాది పట్టిన దూరం ఆ పిల్ల ఆడుతూ పాడుతూ దాటేసింది. పరుగెత్తడమే కాదు, పరుగెత్తుతూ కబుర్లు. తన ఫోన్ల కథలు చెప్తుంటే గుంపు గుంపంతా పడీ పడీ నవ్వేది. 'మా చిన్నది' అనడం బ్రేకు మాస్టారు కూడా నేర్చుకున్నాడు. ఆ రోజు పెద్దకోడలు ఇంటికొచ్చి గిన్నెలు అవసరమైనదానికంటే గట్టిగా తోమింది.

ఇక్కడ మాస్టారి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎండాకాలంలో ఆయన ఎవర్నీ ఒంటరిగా పరుగెత్తనివ్వడు. జంటలు కట్టిస్తాడు. జంటలో ఇద్దరూ దారి పొడుగునా మాట్లాడుకుంటూనే ఉండాలి. "ఇంజను వేడెక్కితే బస్సులో ముల్లు చూపిస్తుంది. మనిషికి ముల్లెక్కడుంది? నోరే ముల్లు" అంటాడు. పక్కమనిషి మాట తగ్గిందా, మూడు ప్రశ్నలు అడగాలి. మీ ఇంటి నంబరెంత, రాత్రి ఏం తిన్నావు, ఇప్పుడు ఏ రోడ్డు మీద ఉన్నాం. ఒక్కదానికి తడబడినా ఇద్దరూ ఆగిపోవాలి, నీడలో కూర్చోవాలి, మణికట్టుకు కట్టుకున్న ఈల ఊదాలి. ఒకరు ఆగి రెండోవాళ్లు పరుగెత్తడమనేది లేదు. ఆగితే ఆ రోజు పరుగు ఇద్దరికీ పోయినట్టే.

ఆ పద్ధతి వల్లే పోయినేడు పెద్దకోడలికి మారథాన్ అందకుండా పోయింది. మారథాన్‌లో పరుగెత్తాలంటే ఛాతీ మీద నంబరు చీటీ ఉండాలి, ఈ గుంపుకు అవి కొన్నే ఇస్తారు. దానికి ముందు ఓ ఆదివారం ముప్పై రెండు కిలోమీటర్ల పరుగు పెట్టి, అది పూర్తి చేసినవాళ్లకే మాస్టారు ఆ నంబర్లు పంచుతాడు. పోయినేడు ఆమె జంట ఓ బ్యాంకు గుమాస్తా. మైదానం ఇంకా కూతవేటు దూరం ఉందనగా ఆవిడ కాలు మడతపడింది. పెద్దకోడలు పద్ధతి ప్రకారం ఆగింది, ఈల ఊదింది, పక్కన కూర్చుని విసిరింది. "రూలు రూలేనమ్మా" అన్నాడు మాస్టారు తల దించుకుని. అటునుంచి అటే లాండ్రీకి వెళ్లిపోయి, ఇస్త్రీ యంత్రం ముందు నిలబడి ఏడ్చింది. అక్కడ చెమటేదో కన్నీరేదో ఎవరికీ తెలియదు కాబట్టి హాయిగా ఏడ్చింది. అన్నం క్యారేజీ తెచ్చిన మొగుడు మాత్రం చూశాడు.

ఈసారి నంబరు దక్కాలి. దక్కి తీరాలి. వచ్చే ఏడాదికి మోకాళ్లు ఎలా ఉంటాయో ఎవరు చూశారు? పెద్దకోడలు ఈ ఒక్క కోరికను పట్టుకుని వేసవంతా వేలాడింది. సరిగ్గా అప్పుడే మాస్టారు ఈ ఏటి ఆదివారం పరుగుకు జంటలు చదివాడు. ఆమెకు జంట చిన్నకోడలు.

అందరూ వెళ్లాక ఆయన దగ్గరికి వెళ్లింది. "మాస్టారూ, నన్ను ఇంకెవరితోనైనా వెయ్యండి."

"ఏం, ఇంట్లో గొడవా?"

"గొడవేం లేదు."

"మరింకేం? దానికి కాళ్లలో దూకుడెక్కువ, నీకు ఓపిక ఎక్కువ. నీ పక్కనుంటే కుదురుగా పరిగెడుతుంది."

అంటే తను ఆ పిల్లకు కట్టిన బ్రేకన్నమాట. పెద్దకోడలు పళ్లు నూరుకుంటూ ఇంటికొచ్చింది. శనివారం సాయంత్రం అత్తగారు ఆమెను వంటింట్లోకి పిలిచి, "రేపు చిన్నదాన్ని కాస్త కనిపెట్టుకుని ఉండు, ఎండలో అలవాటు లేని పిల్ల" అంది. తనకు అలవాటుందని ఆవిడకు తెలిసిందే, అదే పదివేలు అనుకుంది పెద్దకోడలు.

ఆదివారం చీకటితోనే బయల్దేరారు. ముప్పై రెండు కిలోమీటర్లంటే ఎంత పెందలాడే లేచినా చివర్లో ఎండ దొరకబుచ్చుకోక మానదు. వంతెన దాటేటప్పటికి వెలుగొచ్చింది. రైల్వే క్వార్టర్ల దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు మెడ మీదికెక్కాడు. చిన్నకోడలు ఆపకుండా మాట్లాడుతోంది.

"నిన్న ఒకాయన ఫోన్ చేసి, మీ ఫ్యాను వేడిగాలి కొడుతోంది, మార్చమన్నాడక్కా. ఎండాకాలం సార్ అన్నాను. ఎండాకాలం సంగతి నాకు తెలుసు, ఫ్యానుకి తెలియదా అన్నాడు."

ముందు జంట వెనక్కి తిరిగి మరీ నవ్వింది. పెద్దకోడలు "ఊ" అంది. దారి పొడుగునా ఆమె అన్నది అదే. మాటలన్నీ ఆ పిల్లవి, ఊ కొట్టడం తనది. పక్కన సైకిలు మీద వచ్చిన బ్రేకు మాస్టారు, "చిన్నదాని నోరు ఇద్దరికీ సరిపోతోంది" అని నవ్వుతూ ముందుకు వెళ్లిపోయాడు. ఓహో, తన నోటికి ఆ మాత్రం విలువ కూడా లేదన్నమాట. పెద్దకోడలు వేగం కొంచెం పెంచింది. ఆ పిల్ల అలవోకగా అందుకుంది. ఇంకొంచెం పెంచింది. మళ్లీ అందుకుంది, కథ ఎక్కడా తెగకుండా.

చివరి నీళ్ల డ్రమ్ము దగ్గర చిన్నకోడలు రెండు గుక్కలు తాగి చాలంది. అక్కణ్నుంచి గోడౌన్ల రోడ్డు. రెండు పక్కలా ఎత్తయిన ప్రహరీలు, వాటి మీద రేకుల కప్పులు, ఒక్క చెట్టు లేదు. పై నుంచి ఎండ, గోడల నుంచి సెగ. మిగతావాళ్లకు అది నరకం. పెద్దకోడలికి అది లాండ్రీ. వేసవి మధ్యాహ్నాలు బాయిలరు పక్కన నిలబడ్డ మనిషిని ఈ రోడ్డేం చేస్తుంది? ఈ ఒక్క రోడ్డు మీద మాత్రం తనే మొనగత్తె అనుకుంది.

అప్పుడు గమనించింది. పక్కన మాట లేదు.

ఎప్పుడు ఆగిందో తెలియదు. ఎవరో గయ్యాళి ఆవిడ ఫోన్ కథ సగంలో ఉంది. ఆ గయ్యాళి ఏమందో ఇంక చెప్పలేదు. అడుగుల చప్పుడు మాత్రం పడుతోంది, అదీ ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. పెద్దకోడలికి ఏమనిపించాలి? భయమేయాలి. మనిషన్నవాడికి భయమేస్తుంది. ఆమెకు మాత్రం గుండెల మీంచి బండ దించినట్టు హాయిగా అనిపించింది. ఇన్నేళ్లకు ఆ నోరు మూతపడింది. ఇన్నాళ్లకు ఆ పిల్లకు కూడా ఓ పని కష్టమైంది. పడనీ, కాస్త రుచి చూడనీ అనుకుంది. చంకలు గుద్దుకోవడం ఒక్కటే తక్కువ.

మూడు ప్రశ్నలు నాలుక చివరి దాకా వచ్చాయి. అడిగితే ఆ పిల్ల తడబడుతుంది. తడబడితే ఆగాలి, ఆగితే నంబరు గోవిందా. మళ్లీ ఏడాది ఎదురుచూపు, అదీ ఎవరి మూలంగా? పెద్దకోడలు ఆ ప్రశ్నల్ని మింగేసింది.

వెనక మాస్టారి సైకిలు గంట వినపడింది. ఆయన ఈ రోడ్డు మీద వెనక్కీ ముందుకీ తిరుగుతూ జంటల మాటలు వింటాడు. గంట దగ్గరవుతోంది. అప్పుడు పెద్దకోడలు నోరు తెరిచింది. ఇంట్లో రోజంతా పది మాటలు మాట్లాడని మనిషి, గొంతెత్తి మాట్లాడటం మొదలుపెట్టింది.

"మొన్న ఓ హోటల్ నుంచి దుప్పట్లొచ్చాయి, అన్నిటి మీదా బూట్ల మరకలే. మంచాలెక్కి డాన్సులు చేశారేమో." కాస్త ఆగింది, అవతలి మనిషి జవాబు చెప్తున్నంతసేపు. "అవును, నేనూ అదే అన్నాను. మా మేనేజరు వింటేనా?" మళ్లీ ఆగింది. "అబ్బే, వాడికంత బుర్ర లేదు." నవ్వింది కూడా.

మాస్టారు పక్కనుంచి వెళ్తూ, "చూశావా, నీ నోరూ తెరిపించింది. అలాగే మాట్లాడుకుంటూ రండి" అని సాగిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక పెద్దకోడలు పక్కకు చూసింది. చిన్నకోడలి చెయ్యి ఆమె చేతికి ఆనుకునేంత దగ్గరలో ఊగుతోంది. ఆ చేతి మీద చెమట చుక్క లేదు. అంతకు ముందు నీళ్లు కారిన చెయ్యి పొడిగా, ఎర్రగా ఉంది. ఆ పొడిదనం ఏమిటో గుంపు మొత్తంలో పెద్దకోడలికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇస్త్రీ గదిలో ఆడవాళ్లు కళ్లు తిరిగి పడిపోయే ముందు చెమట ఆగిపోవడం ఎన్నిసార్లు చూసింది. చెమట ఆగిందంటే చేతిలో పని వదిలేసి పట్టుకుని బయటికి లాక్కుపోతారు.

ఆమె చూపు తిప్పుకుని రోడ్డు వైపు చూసింది.

"అక్కా," అంది చిన్నకోడలు, నాలుక మందమైన గొంతుతో. "వంతెన ఇంకా రాలేదా?"

వంతెన ఎప్పుడో తెల్లారేటప్పుడే దాటేశారు. ఈల మణికట్టుకు కొట్టుకుంటోంది.

"దాటేశాం. పద" అంది పెద్దకోడలు. ఇంకెంత, ఒక్క మలుపు తిరిగితే మైదానం అని తనకు తనే సర్దిచెప్పుకుంది. దుప్పట్ల సంగతి మళ్లీ ఎత్తుకుంది, ఎవరూ వినకపోయినా. మైదానం గేటు వచ్చే దాకా ఆపలేదు.

ఇద్దరూ గేటు దాటారు. ముందొచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. పెద్దకోడలు ఆగింది. చిన్నకోడలు ఆగలేదు. చప్పట్లు కొట్టేవాళ్ల మధ్య నుంచి, నీళ్ల బల్ల పక్క నుంచి, ఖాళీ మైదానం మీద అలాగే పరుగెత్తుకుంటూ పోయింది. అందరూ నవ్వారు, ఇంకా ఓపిక ఉందని వేళాకోళం చేస్తోందనుకుని. అవతలి గోడ దగ్గర మోకాళ్లు మడిచి కూలబడిపోయింది.

అందరికంటే ముందు అక్కడికి చేరింది పెద్దకోడలే. బూట్లు లాగేసింది. "నీళ్లు, ఐసు, తువ్వాళ్లు, ఎన్నుంటే అన్ని" అని కేక పెట్టింది. చంకల్లో ఐసు, మెడ కింద ఐసు, తడి తువ్వాలు కప్పడం, వేడెక్కగానే తీసి ఇంకోటి కప్పడం. నోట్లో నీళ్లు పొయ్యబోయినవాణ్ని చెయ్యి మీద ఒక్కటిచ్చి ఆపింది. ఇద్దర్ని రెండు వైపులా అట్టముక్కలతో విసరమంది. అంబులెన్సు వచ్చేసరికి చిన్నకోడలు కనురెప్పలు కదిపింది. "నువ్వు లేకపోతే ఏమైపోయేదో తల్లీ" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. పెద్దకోడలు తలెత్తకుండా ఇంకో తువ్వాలు తడిపింది.

మాస్టారి ముఖం పాలిపోయి ఉంది. "మాట ఎప్పుడాగిందమ్మా?" అని అడిగాడు.

"గేటు దగ్గర" అంది పెద్దకోడలు. "అప్పటిదాకా బాగానే మాట్లాడింది."

"అవును, గోడౌన్ల దగ్గర నేనూ విన్నాగా" అన్నాడాయన. ఆ మాట అంటూ ఊపిరి పీల్చుకున్నాడు, తప్పు తనది కాదన్నట్టు. సంచిలోంచి రెండు నంబర్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పూర్తయితే చేశారు. చిన్నది ఇక ఈ ఏడు పరిగెత్తలేదనుకో. నువ్వైనా పరిగెత్తు."

ఆసుపత్రిలో డాక్టరు కూడా అదే అడిగింది, తికమకగా మాట్లాడటం మొదలై ఎంతసేపయిందని. ఆమె చేతిలో సూది ఉంది, మంచం మీద మనిషి ఉంది. అక్కడ అబద్ధమాడే ధైర్యం పెద్దకోడలికి లేకపోయింది. గొంతు తగ్గించి, "గోడౌన్ల రోడ్డు మొదట్నుంచి" అంది. డాక్టరు తలెత్తి ఒక్క క్షణం చూసింది. తర్వాత నర్సుకు ఏదో చెప్పి పనిలో పడింది.

సాయంత్రానికి జ్వరం దిగింది, ప్రాణానికి ఢోకా లేదన్నారు. అత్తగారిని తీసుకురావడానికి అన్నదమ్ములిద్దరూ ఇంటికి వెళ్లారు. గదిలో తోటికోడళ్లు ఇద్దరే ఉన్నారు. చిన్నకోడలు కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "అక్కా, నంబరిచ్చారా?"

"ఇచ్చారు. ఇద్దరికీ."

ఆ పిల్ల ఎండిన పెదాలతో నవ్వింది. "రైల్వే క్వార్టర్ల దగ్గరే నాకు కడుపులో తిప్పడం మొదలైందక్కా. చెప్తే ఆగాలి కదా. పోయినేడు నువ్వు లాండ్రీలో ఏడ్చావని బావగారు చెప్పారు. మళ్లీ ఈసారి నా మూలంగా పోతే ఎలా అని నోరు మూసుకున్నాను."

పెద్దకోడలు మంచం మీది దుప్పటి కొసను మడతపెట్టసాగింది.

"నువ్వు కనిపెట్టేశావని నాకు తెలుసు. మాస్టారికి తెలియకుండా నా బదులు కూడా నువ్వే మాట్లాడావు కదా. నాకు కళ్ల ముందు ఏమీ కనిపించలేదక్కా. నీ గొంతు పట్టుకునే వచ్చాను."

ఇదిగో, ఇప్పుడు కూడా అంతే. తను ఈర్ష్యతో నోరు మూసుకున్న చోట, ఈ పిల్ల తన కోసం నోరు మూసుకుంది. పరుగులో ముందుంది సరే, అత్తగారి దగ్గర ముందుంది సరే, మంచితనంలో కూడా ముందే ఉండాలా? చావు అంచున కూడా ఒక్క తప్పు చెయ్యదా? పెద్దకోడలికి ఒళ్లు భగ్గుమంది. ఆ మంటలో సిగ్గెంతో కుళ్లెంతో ఆమెకే తెలియలేదు. ఊరుకుంటే సరిపోయేది. ఆ పిల్లే ఆమెను దేవతను చేసి కూర్చోబెట్టింది. కానీ ఆ పిల్ల దగ్గర దానంగా పుచ్చుకున్న మంచితనంతో బతకడం ఆమె వల్ల కాలేదు.

"నీ కోసం మాట్లాడలేదు" అంది. "నీ చెయ్యి ఎండిపోవడం చూశాను. అదేమిటో నాకు తెలుసు. వంతెన గురించి నువ్వడిగినప్పుడూ తెలుసు. నాకు నంబరు కావాలి. అదొక్కటే కాదు. నువ్వు పడిపోతుంటే నాకు బాగుంది."

చిన్నకోడలు ఆమెను చూస్తూ ఉండిపోయింది. సెలైను సీసాలో బొట్లు పడుతున్నాయి. కాసేపటికి ఆ పిల్ల కంటి కొస నుంచి నీళ్లు దిండు మీదికి జారాయి. తుడుచుకోలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుంది. పెద్దకోడలు చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది.

తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది, వెనక కొడుకులు. దారిలో మాస్టారు కనిపించి అంతా చెప్పాడట. ఆవిడ మంచం దగ్గరికి వెళ్లకుండా నేరుగా పెద్దకోడలి దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుంది. "నువ్వు నా ఇంటి దీపం నిలబెట్టావే" అంది. "ఇన్నాళ్లూ నీ విలువ తెలుసుకోలేకపోయాను. నన్ను క్షమించవే."

ఇన్నేళ్లుగా పెద్దకోడలు ఎదురుచూసిన మాటలవి. అవి ఎలా వినపడతాయో, అప్పుడు తను ఏమనాలో కూడా ఇస్త్రీ యంత్రం ముందు నిలబడి ఎన్నోసార్లు అనుకుంది. ఇప్పుడు ఆ చేతుల మధ్య నుంచి తల తప్పించుకుంది. "అది కాదత్తయ్యా, నేను..." అని మొదలుపెట్టింది.

మంచం మీద చిన్నకోడలు ఇటు తిరిగింది. కళ్లింకా తడిగానే ఉన్నాయి. గొంతులో మాత్రం ఆ తడి లేదు. రోజంతా చెవికి మైకు తగిలించుకుని, తిట్టేవాళ్లతో మాట్లాడే గొంతది.

"అవునత్తయ్యా" అంది తియ్యగా. "అక్క పక్కన లేకపోతే నేను ఇవాళ ఇక్కడ లేను. ఆ సంగతి ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పండి. నేనూ చెప్తాను, బతికినన్నాళ్లూ చెప్తాను." తర్వాత పెద్దకోడలి వైపు చూసింది. "నంబరు పారెయ్యకక్కా. నువ్వు పరిగెత్తాలి. మేమంతా వచ్చి చప్పట్లు కొడతాం."

అది క్షమించడమో శిక్ష వెయ్యడమో పెద్దకోడలికి అర్థం కాలేదు. అడిగి తెలుసుకునే వీలూ లేదు. మొగుడు పక్కకొచ్చి గర్వంగా ఆమె భుజం తట్టాడు. అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుని, రేపట్నుంచి నీళ్ల సీసా తనే కలిపిస్తానంది. మంచం మీంచి చిన్నకోడలు కళ్లార్పకుండా చూస్తోంది.

"సరే" అంది పెద్దకోడలు.